నాలుగు గంటలు తక్కువ

"చిన్నతాతా, టర్బైన్ విమానం నడిపిన గంటలు ఉంటేనే ఉద్యోగం అంటాండారు. ఉద్యోగమిస్తేనే గదా గంటలొచ్చేది? నీకు మొదటిది ఎట్లొచ్చె?"

ఎట్లొచ్చెనా? కూర్చోమ్మీ, చెప్తా. ఆ ఫ్యాను కొంచెం తగ్గించు, నీ ఫోన్లో నా మాట పడాల గదా. పడతాందా? సరే.

మన పక్క సామెత ఉండాది చూడు, పిచ్చి కుదిరితే గానీ పెండ్లి కాదు, పెండ్లయితే గానీ పిచ్చి కుదరదు అని. విమానాలకు బీమా రాసే ఇన్సూరెన్సోళ్లు దాన్నే ఇంగ్లీషులో టైపు కొట్టి సంతకం పెట్టుకున్యారు. ఇప్పుడు నీ కత అదే, అప్పుడు నా కత అదే.

నాకు అప్పటికి నలభై నాలుగేండ్లు. కాదు, మీ నాయన పెండ్లయిన మరుసటేడు గదా, అయితే నలభై ఐదు. నాలుగు వేల గంటలు విమానం నడిపింటి. అంతా పిస్టను ఇంజనే, టర్బైన్ ఒక్క గంటా లేదు. పంటకు మందు కొట్టే చిన్న విమానాలు అవి. శెనక్కాయ చేన్ల మీద తాటిచెట్టంత ఎత్తులో పోతాంటే, కింద ఆడోళ్లు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకొని తిట్టేది కూడా కనపడేది. వినపడదు గానీ, చెయ్యి తిప్పేది చూస్తే తెలుస్తాది గదా యేం తిడతాండారో. తొంభైల్లో ఆ కంపెనీ మూసేసిరి. నేనొచ్చి అనంతపురంలో ఆఫీసుల పక్క జిరాక్స్ అంగడి పెట్టుకుంటి. కాపీ అర్ధరూపాయి. టీ అప్పుడు రూపాయిన్నర, అంటే మూడు కాపీలు తీస్తే ఒక టీ. లైసెన్సు మాత్రం చావనీలా. బెంగళూరుకు పోయి డాక్టరు పరీక్ష, క్లబ్బులో నాలుగు గంటలు, ఏడాదేడాది తప్పకుండా. దాని కాపీ ఒకటి అంగట్లో గోడకు తగిలించింటి. ఒకాయప్ప దాన్ని చూసి, "ఏమన్నా, జిరాక్సుకు కూడా ఇంత పెద్ద లైసెన్సు కావాల్నా?" అనె.

ఇంగ రెండు వేలు దాటినాక వరసగా కరువు. నీకు తెలీదులే, పుట్టింటావు అంతే. సర్కారోళ్లు మేఘమథనం అని మొదలుపెట్టిరి. విమానం ఎక్కి మోడాలకు మందు పెట్టి వాన కురిపిచ్చేది. మోడాలంటే మీ టౌనోళ్లకు మేఘాలు. ఆ పని పట్టిన ఢిల్లీ కంపెనీ మేనేజరు, పొడుగాటి మనిషి, కాగితాల కట్ట తెచ్చి నా అంగట్లోనే కాపీలు తీపిచ్చె. జిరాక్స్ తీసేవాడు కాగితం చదవకూడదు. అది మా పని మర్యాద. ఆ పొద్దు తప్పినా. నాలుగో కాగితంలో ఉండాది, రెండు ఇంజన్ల టర్బైన్ విమానం, ఇద్దరు పైలట్లు, రెండోవాని పేరు కాడ ఖాళీ.

"సార్, రెండో పైలట్ దొరకలేదా మీకు?" అంటి.

ఆయప్ప నన్ను చూసి, గోడను చూసి, "నువ్వు పైలట్‌వా, జిరాక్స్‌వా?" అన్యాడు.

"కరెంటుంటే జిరాక్స్ సార్. లేనప్పుడు పైలట్."

నగినాడు. నగినాక షరతు చెప్పినాడు. రెండో పైలట్ కూర్చునే కుడిసీట్లో ఈ వానాకాలమంతా కూర్చో. సెప్టెంబరు ఆఖరుకు ఇన్సూరెన్సు కొత్తది రాస్తారు. అప్పటికి నీ గంటల పుస్తకంలో వంద టర్బైన్ గంటలుంటే నీ పేరు అందులో ఎక్కుతాది, ఉద్యోగం ఖాయం. లేకుంటే ఆ సీటు ఇంకొకరిది. వందంటే వంద. తొంభై తొమ్మిదిన్నర కూడా వాళ్లకు సున్నాతో సమానం. కొందరు పెన్నుతోనే గంటలు ఎగరేస్తారు, విన్నావు గదా నువ్వు కూడా? నాకట్లా కుదరదు. ఇంజనుకు మీటరుండాది, టవర్లో పుస్తకముండాది, ఇవన్నీ లేకున్యా పక్క సీట్లో మాథ్యూ సార్ ఉండాడు.

మాథ్యూ సార్ కెప్టెను. కేరళాయప్ప. ఎక్కువ మాట్లాడడు. మొదటి రోజు ఇంజను స్టార్ట్ చేసేటప్పుడు నా చెయ్యి పట్టుకొని ఒక ముల్లు చూపిచ్చినాడు, వేడి చూపే ముల్లు. "దీని మీద నుంచి కన్ను తీయొద్దు. మిగతాదంతా నీకొచ్చు," అన్యాడు. పిస్టను ఇంజనంటే మన బావి కాడ ఆయిలింజను మాదిరి, దడదడా కొట్టుకుంటాది, ఒళ్లంతా అదురుతాది. టర్బైన్ అట్లా కాదమ్మీ. మొదట సన్నగా ఈల. ఆ ఈల పెరిగి పెరిగి, ఒక చోట ఇంగ అది చప్పుడే కాదనిపిస్తాది. కిరసనాయిలు వాసన. అంతే. నేను చేతులు ఒళ్లో పెట్టుకొని కూర్చొనుంటి, విమానం తానే పోతాన్నట్ల, నన్ను కూడా తోడు రమ్మన్నట్ల ఉన్నింది.

పనేమంటే, రెక్కల కింద ఉప్పు దట్టించిన గొట్టాలు కట్టింటారు. మోడం కిందికి పోయి, గాలి పైకి లేసే చోటు వెతుక్కొని అంటిస్తే, ఆ ఉప్పు పొగ లోపలికి పోతాది. ఆ చోటు దొరికింది అని ఎట్లా తెలుస్తాదంటే, లేగదూడ తలతో పొడుస్తాది చూడు పొదుగును, అట్లా కింద నుంచి పొడుస్తాది. నెత్తిన నల్లగా మోడం, అంచు యాడో ఎండలో తెల్లగా, కింద ఎర్రనేల. నీడ మా కంటే ముందే చేను దాటి, వంక దాటి, ఊరు దాటి పోతాంటాది. నాకిప్పటికీ కండ్లు మూసుకుంటే అదే వస్తాది. ఏమి చెప్తాంటి? ఆ, గంటలు.

జూలైలో బాగొచ్చినాయి. ఎనభై దాటినాయి. ఆగస్టులో మోడాలు లేవు. మోడం లేకుంటే విమానం లేయదు, విమానం లేయకుంటే గంట లేదు. రోజూ పొద్దున్నే మా జిల్లా రన్‌వే కాడ నేను, మాథ్యూ సార్ కుర్చీలేసుకొని ఆకాశం చూసేది. అప్పుడు అనుకున్యా, ఇరవై ఏండ్లు ఊరిడిచి తిరిగి, ఆఖరుకు మా నాయన చేసిన పనే చేస్తాండానే అని.

ఆగస్టు ఆఖరు ఆదివారం కుందుర్పి బస్సెక్కి ఊరికి పోతి. మీ తాత తిప్పేస్వామి చేన్లో ఉండాడు. శెనక్కాయ ఊడలు దిగే టైము, నేల గట్టిగా అట్లే ఉండాది, ఊడ యాడ దిగాల? ఆకు మధ్యాహ్నానికే ముడుచుకుంటాండాది. మీ అవ్వ సద్ది విప్పుతా, "ఏమప్పా మరిదీ, నువ్వు ఆ ఇమానం ఎక్కినప్పటి నుంచి మోడాలే రాలేదు. ఊర్లో అంటాండారు, మీ రామాంజి తరుముతాండాడంట గదా మోడాలను, కాకుల్ని తరిమినట్ల," అనె.

"వదినా, మేం తరిమేది కాదు, కురిపిచ్చేది."

"యాడ కురిసింది?"

నేను సద్ది ముద్ద నోట్లో పెట్టుకుంటి. మా అన్న మాత్రం, "ఊరుకోమే. వాని పని వాడు చేస్తాండాడు," అన్యాడు. బస్సు కాడికొచ్చి ఒక్క మాట చెప్పె. "అబ్బీ, ఇంకొక వారం పది దినాలు చూస్తా. రాకుంటే గొర్లకు తోలేస్తా చేను." అంతే. ఆ మాట ఆయప్ప ఏడ్చుకుంటా చెప్పలా. పంచాంగం చదివినట్ల చెప్పినాడు.

సెప్టెంబరు పడినాక మళ్లా కొన్ని మోడాలొచ్చె. రెండు గంటలు, గంటన్నర, అట్లా లెక్క పెరిగి తొంభై ఆరు. ఇంగ నాలుగు. రెండు మోడాలొస్తే సాలు నాకు. పండుకుంటే నాలుగు, లేస్తే నాలుగు.

అప్పుడు ఒక మధ్యాహ్నం పడమర నుంచి లేసింది చూడు. అట్లా మోడం నేను ఆ ఏడు చూడలా. గోడ మాదిరి. నేను పరిగెత్తి పోయి గొట్టాలు చూసుకుంటి, అద్దాలు తుడిస్తి. మాథ్యూ సార్ రాడార్ ముందర నిలబడుకొని తల అడ్డం ఊపినాడు.

"పోయే పని లేదు. ఇది తనంతట తానే కురుస్తుంది."

"అంచులో పోయొద్దాం సార్."

"ఎందుకు?"

నేను చేతిలో తుడుపు గుడ్డను మడత పెడ్తి.

"వానకా, గంటలకా?" అన్యాడు. గట్టిగా అడగలా. అడిగి ఆ పక్కకు తిరుక్కున్యాడు.

నేను బయటికొచ్చి రెక్క కింద నిలబడుకుంటి. ఇప్పుడు చెప్పేది ఎవురికీ చెప్పలేదమ్మీ. ఆ మోడాన్ని చూస్తా నేను మనసులో ఏమనుకుంటినో తెలుసా? చెదిరిపో, అనుకుంటి. ఈ పొద్దు కురవద్దు. చిన్నచిన్న ముక్కలై రేపు రా, ఎల్లుండి రా, మేమొచ్చి ఉప్పు పెడితే అప్పుడు కురువు. కుందుర్పి నేల మీద పుట్టినోన్ని, మా నాయన గొర్రు పట్టుకొని ఆకాశం దిక్కు చూస్తాంటే పక్కన నిలబడినోన్ని, వానను వద్దంటి. ఒకసారి కాదు, మూడు నాలుగు సార్లు అంటి.

అది నా మాట వింటాదా? మొదట దుమ్ము వాసన, తర్వాత రెక్క మీద ఒకటి, రెండు, ఆ మీదట ఇంగ లెక్క లేదు. రన్‌వే కనపడలా. మెకానిక్ పిల్లోళ్లు చొక్కాలిప్పి వానలో ఎగురుతాండారు. నేను రెక్క కింద పొడిగా నిలబడుకొనుంటి.

ఆఫీసులో ఫోను మోగె. నాకే. మీ తాత, ఊర్లో ఎస్టీడీ బూతు నుంచి, అరుస్తాండాడు. "ఒరే రామాంజీ! కురుస్తాందిరా! చేను నిండింది! నువ్వే గదరా?" వెనకాల మనుషుల గోల. ఎవురో "తరిమినోడే తోలుకొచ్చినాడు" అంటాండారు. నేను "లేదన్నా, నేను కాదు" అనాల. నోరు తెరిస్తి గూడా. "బాగా కురుస్తాందా అన్నా?" అని మాత్రం అంటి.

మూడు దినాలు ఇడవకుండా కురిసె. నాలుగో దినం సర్కారు నుంచి మాటొచ్చె, ఇంగ సాలు, ఈ ఏటికి మేఘమథనం ఆపేయండి అని. నా పుస్తకంలో తొంభై ఆరే. జిరాక్స్ అంగడి తాళంచెవి జేబులోనే ఉండె. దాన్ని తడుముకుంటా కూర్చొనుంటి.

మాథ్యూ సార్ వచ్చి పక్కన కూర్చున్యాడు. "వాన చాలు అంటే పని అయిపోయినట్లే గదా. పనయిపోతే విమానం ఎక్కడ ఉండాల?"

"ఢిల్లీలో సార్."

"ఎవరో ఒకరు తోలుకుపోవాల గదా. నాగపూర్లో ఆయిలు పోసుకొని పోతే ఎంత సేపు?"

నేను లెక్కేస్తి. నాలుగు గంటలు, గాలి ఎదురైతే కొంచెం పైన. ఆయప్ప ముందే లెక్కేసుకోనింటాడు, మొహం చూస్తే తెలిసింది. చూసినావా, ఆ పొద్దు మోడం చెదిరిపోయి ఉంటే విమానం ఈడనే నెలాఖరుదాకా ఎండలో పడుండేది. నేను వద్దన్న వానే నాకు ఆ నాలుగు గంటలు తెచ్చిచ్చె.

మర్నాడు పొద్దున లేస్తిమి. ఆకాశం కడిగిన పలక మాదిరి ఉండాది. లేసినాక మాథ్యూ సార్, "మీ ఊరు ఎటు?" అన్యాడు. పడమర అంటి. ఉత్తరానికి పోవాల్సిన విమానాన్ని పడమరకు తిప్పమన్యాడు. కుందుర్పి మీద ఒక చుట్టు తిప్పితి. ఎర్రనేల నల్లబడిండాది. ప్రతి గుంతలోనూ ఒక ఆకాశం ముక్క. మన చేను గుర్తుపట్టినా, పచ్చగా, ఆకులన్నీ విచ్చుకొని. చేన్లో ఎవురో ఒకరు తల పైకెత్తి చేతులు రెండూ ఊపినారు. మీ తాతో, పక్క చేనాయప్పో, అంత పై నుంచి నాకు తెలీలా. నేను రెక్క ఊపలా. ఊపాల్సిండె. చెయ్యి లేయలా.

పోతా పోతా శింగనమల చెరువు మీద ఎండ పడి కండ్లు చెదిరె. ఆ మీదట ఇంగ నేల కనపడలా, కింద తెల్లగా మోడాలే, పైన మేము, ఆ ఈల. ఢిల్లీలో దిగి లెక్కేస్తే వంద గంటల పది నిమిషాలు. ఆ పది నిమిషాలు మన ఊరి మీదివి. ఇన్సూరెన్సు కాగితంలో నా పేరెక్కె. పదమూడేండ్లు టర్బైన్ తోలినా.

"మా తాతకు చెప్పలేదా?"

చెప్పలా. మీ తాత పోయేదాకా, టీ అంగట్లో ఎవురు కూర్చున్యా, ఆ ఏటి వాన మా తమ్ముడు కురిపిచ్చిందే అని చెప్పేవాడు. నేను పక్కన్నే ఉంటే నా భుజం తట్టి మరీ చెప్పేవాడు. రెండు మూడు సార్లు మొదలుపెడ్తి, "అన్నా, ఆ పొద్దు నిజానికి..." అని. "నీకు గొప్పలు చెప్పుకోను రాదులేరా" అని నగేవాడు. ఇంగేం చెప్పాల?

నీకు చెప్తి. ఆయప్ప మనవరాలివి గదా, ఆయప్పకు చెప్పినట్లే.

గంటలొస్తాయి తల్లీ నీకు. వంద గాదు, వేలు రావాల. ఎవురి వానా వద్దనుకోకుండా రావాల. అంతే... ఆ, ఇంగ ఆ ఫోను ఆపెయ్యి. ఆపినావా?