పైడమ్మ రేవు అర్జీ

సాకలి పైడమ్మ అర్జీ పట్టుకుని దివాణానికి ఎల్లిందంట. ఎందుకెల్లిందంటే, ఆ ఊరి గెడ్డ మీద, అదే వాగు మీద, సాకిరేవు ఉంది సూడండి, దాన్ని మూయించెయ్యాలని కూర్మినాయుడు పట్టుబట్టేడు. కూర్మినాయుడంటే ఊరి పెద్దరైతు, రేవుకి దిగువనే ఆయన మడులు. రేవు పోతే పైడమ్మకేటుంది? మొగుడు పోయేడు, ఇద్దరాడపిల్లలు. ఇంక ఊరొదిలి పోవడమే. మరి ఆ దివాణంలో ఒక ఆచారం ఉందంట. అర్జీ ఒక్కసారే సదువుతారు. అర్జీ పెట్టినోళ్ళు నోరిప్పకూడదు, ఏటి సెప్పుకున్నా కాయితంలోనే. ఎదుటోడు మాత్రం లేచి మాటాడొచ్చు. అదేం నాయమని నన్నడక్కండి, నాను పెట్టిన ఆచారం కాదు.

సరే, ఏమైందంటే, కరణం సోమలింగం అర్జీ రాసిపెట్టేడు. మంచి రాతగాడే. మా తాతలు ఇక్కడే ఉతికేరు, మా బతుకిదే, పిల్లలు పస్తులుంటారు, తమరే దిక్కు అని సదూతుంటే దివానుగారు కూడా కండువాతో కళ్ళొత్తుకున్నాడంట. అప్పుడు కూర్మినాయుడు లేచి ఒకే మాటన్నాడు. 'అయ్యా, బట్టలుడికించిన సౌడునీళ్ళు నా నారుమడిలోకి దిగుతున్నాయి, రెండేళ్ళుగా నారు ఎర్రబడి సచ్చిపోతంది' అన్నాడు. పైడమ్మకి జవాబు నోటిదాకా ఒచ్చింది, ఇప్పకూడదు కదా. దివానుగారు అటు సూసి ఇటు సూసి, వచ్చే అమావాస్యకి ఇంకొక్క అర్జీ పెట్టుకో, అదీ తేలకపోతే రేవు మూతే అనేసేడంట.

ఇంటికొచ్చి ఏడిసిందా? ఏడవలేదు. మర్నాడు తిన్నగా కూర్మినాయుడింటికే ఎల్లింది. ఎల్లదా మరి? తగువు తగువే, మాసిన బట్టలు మాసిన బట్టలే. మూట కడతా నాయుడి తల్లి సూరమ్మనడిగిందంట, 'అమ్మా, రేవు మీద మీకెందుకంత కోపం, నన్ననాలనుకున్నవన్నీ అనెయ్యండి, ఇంటాను' అంది. అడిగితే ఆగుద్దా ముసలిది? నారు పోయిందంది, పశువులు ఆ నీళ్ళు ముట్టట్లేదంది, నీ గాడిదలు గట్టు తొక్కేస్తన్నాయంది. పైడమ్మ ఊఁ కొడతానే ఉందంట. నారు పోయినమాట నిజమేనా అని మడికెల్లి కళ్ళారా సూసింది. నిజమే. గాడిదలు తొక్కిన మడిగట్టు సగం ఆ పూటే మట్టెత్తి ఏసేసిందంట.

ఆనక కరణం దగ్గరికెల్లి, 'బాబూ, ఈసారి ముందు నాయుడుగారి మాట రాయండి' అంది. కరణం బిత్తరపోయేడు. 'మతిపోయిందేటే నీకు? ఎదుటోడి మాట నీ అర్జీలో రాసుకుంటావా, నీ గొయ్యి నువ్వే తవ్వుకుంటన్నావు' అన్నాడు. 'రాయండి బాబూ. ఆయనెలాగూ సెప్తాడు. ఆయన నోట్లోంచి వస్తే నా దగ్గర జవాబుండదు. నా కాయితంలో ఉంటే ఎనకాలే జవాబుంటది' అంది. తగ్గించి రాయకండి, ఆయన సెప్పుకునేదానికన్నా బాగా రాయండి అని ఎదురుగా కూకుంది. కరణం రెండుసార్లు లేచేడంట, రెండుసార్లూ కూకోబెట్టింది.

అమావాస్య వొచ్చింది. సదివేరు. ఏటని? 'నారు పోయినమాట నిజం, నాను కళ్ళారా సూసేను, తప్పు నాదే. బట్టలుడికించే బానలు గెడ్డకి అవతల గట్టుకి మార్చేస్తాను, సౌడునీళ్ళు గోతిలో పోస్తాను. పశువులు నీళ్ళు ముట్టట్లేదంటారు. పశువులు దిగేది రేవుకి ఎగువన, నా నీళ్ళు ఎగువకెక్కవు. గాడిదలు గట్టు తొక్కేయి, ఆ గట్టు సగం మొన్నే ఏసేను, మిగతాదీ ఏస్తాను. ఇంత సేసినా నారు సస్తే ఆ ఏడే రేవు మూసేయండి.'

దివానుగారు 'ఏం నాయుడూ' అన్నాడు. నాయుడు లేచేడు. నారన్నాడు, కాయితంలో ఉంది. పశువులన్నాడు, ఉంది. గట్టన్నాడు, అదీ ఉంది. ఆఖరికి 'అదంతా మా అమ్మ సెప్పినట్టే ఉందండీ' అని కూలబడ్డాడంట. సభంతా నవ్వు. రేవు నిలిచింది, పిల్లలు ఊళ్ళోనే పెరిగేరు.

ఈ కిటుకు మంచిదే గాని, జాగర్త. మా తమ్ముడితో పెరటిగోడ తగువొచ్చినప్పుడు నానూ అలాగే ముందు ఆడి మాటంతా రాయించేను, తగ్గించకుండా. రాయించి సదివించుకుంటే గోడ ఆడిదే అనిపించింది. అర్జీ చింపేసేను. ఆడికి మాత్రం సెప్పకండి, నానేదో పెద్దమనసుతో ఒదిలేసేననుకుంటన్నాడు.