ప్లాస్టిక్ మొక్కల మీద నా పేరు వద్దు

నా పదవీ విరమణ సభకు పెద్దగా కూర్చున్న సూపరింటెండెంట్ గారికి, ఇన్నేళ్లుగా నన్ను తిట్టినన్నిసార్లూ మళ్లీ పిలిచి టీ ఇప్పించిన మా ల్యాబ్ డాక్టరమ్మగారికి, నర్సమ్మలకు, వార్డుల్లో పనిచేసే అన్నదమ్ములకు, ఇవాళైనా ఫైళ్ల గదిలోంచి వెలుతురులోకి వచ్చిన గుమాస్తాలకు, వెనక వరుసలో కూర్చుని గడియారం చూసుకుంటున్న మా ఆయనకు, అందరికీ నమస్కారం. ఏవండీ, ఇంకో పావుగంట ఓపిక పట్టండి. ముప్ఫై ఏళ్లు పట్టారు కదా! (నవ్వులు)

ఇప్పటిదాకా మాట్లాడినవాళ్లు నన్ను ఎంత పొగిడారంటే, వీళ్లు చెబుతున్నది ఎవరి గురించా అని ఒకటికి రెండుసార్లు పక్కకి చూశాను. సంతోషం. కానీ చివర్లో సూపరింటెండెంట్ గారు ఒక మాటన్నారు. రక్తపరీక్షల గది ముందు, జనం కూర్చునే హాల్లో నేను పెంచుతున్న చేపల తొట్టిని సోమవారం తీసేసి, అక్కడ కంపెనీవాళ్ల తొట్టి పెట్టిస్తారట. ప్లాస్టిక్ మొక్కలు, అడుగున రంగురంగుల దీపాలు, కడిగే పనే ఉండదట. తొట్టి తీసేస్తారని నాకు వారం కిందటే తెలుసు. కొత్తదానికి నా పేరుతో పలక తగిలిస్తారని మాత్రం ఇప్పుడే విన్నాను. మీరంతా చప్పట్లు కొట్టారు. నేను కొట్టలేదు. అందుకే రాసుకొచ్చిన కాగితం మడిచి సంచీలో పెట్టేశాను.

తొమ్మిదేళ్ల కిందట ఎవరో వదిలేసి వెళ్లిన తొట్టి అది. మొక్కలు నాటితే కుళ్లిపోయేవి. నీళ్లలో మొక్కకు వెలుతురొక్కటే చాలదు, కార్బన్ డయాక్సైడ్ కూడా అందాలని తెలిసింది. సిలిండరు పెడదామంటే ఆస్పత్రి వద్దంది. సరే, నా తిప్పలు నేను పడతానని, కూల్‌డ్రింక్ సీసాలో చక్కెర నీళ్లు పోసి, చిటికెడు ఈస్ట్ వేసి, మూతకు బెజ్జం పెట్టి గొట్టం బిగించాను. చక్కెర పులిసి మొదటివారం ఆ గ్యాసు తన్నుకుంటూ వచ్చింది, రెండోవారం సీసా చచ్చినట్టు పడుకుంది. మరోసారి నురగంతా గొట్టంలోంచి పోయి, తొట్టిలో నీళ్లు కుడితిలా అయిపోయాయి. అప్పుడు మధ్యలో ఇంకో సీసా పెట్టాను, నురగ వస్తే అందులో ఆగిపోయేలా. చక్కెర పాకంలో జెల్లీ పొడి కలిపి గడ్డ కట్టించి, దానిమీద ఈస్ట్ నీళ్లు పోస్తే మూడు వారాలు నెమ్మదిగా, తగవు లేకుండా పనిచేసింది. ఇదంతా ఏ చదువూ చెప్పలేదు సార్, పాడుచేసి పాడుచేసి నేర్చుకున్నాను.

గొట్టం మాత్రం మనదే. గడువు దాటి స్టోరులో పడి ఉన్న సెలైన్ సెట్టు, సీలు కూడా విప్పనిది. అందులో చుక్కలు లెక్కపెట్టే చిన్న బుడ్డి ఉంటుంది కదా, దాన్ని తలకిందులు చేసి సగం నీళ్లు నింపితే బుడగలు లెక్కపెట్టుకోవచ్చు. సెకనుకు ఒకటి చాలు. అది కనిపెట్టిన రోజు నాకు కాళ్లు నేలమీద ఆనలేదు.

కానీ ఆ సెట్టుకు, గొట్టాన్ని నొక్కి చుక్కలు తగ్గించడానికి, ఒక చక్రం కూడా ఉంటుంది. (నవ్వులు) నవ్వండి, మీకు తెలుసు. మన పెద్ద నర్సమ్మగారు అటుగా పోతూ బుడ్డి వైపు చూశారు. బుడగలు గబగబా వస్తున్నాయి. అన్నేళ్ల అలవాటు, చెయ్యి ఊరుకుంటుందా! చక్రం తిప్పి బిగించి తన దారిన తాను వెళ్లిపోయారు. సెలైన్ అయితే ఆగుతుంది. ఈస్ట్‌కు ఆగడం తెలీదు. గంటన్నర తర్వాత, సరిగ్గా సూపరింటెండెంట్ గారు తనిఖీకి వచ్చి "ఏమిటమ్మా ఈ సీసాలు?" అంటూ వంగినప్పుడు, అది పేలింది. పాకం ఆయన చొక్కా మీద, ఫ్యాను రెక్కల మీద, మూడు రిజిస్టర్ల మీద. (పెద్దగా నవ్వులు) అమ్మా, తల దించుకోకండి. నర్సు చేతికి అందేచోట ఆ చక్రాన్ని ఉంచింది నేను. తప్పు నాది. మర్నాడే దాన్ని కత్తిరించి పారేశాను.

ఇక నవ్వులాటలేని సంగతి. ఆ తర్వాత ఒక సర్క్యులరు వచ్చింది, సెలవు రోజుల్లో హాల్లో దీపాలన్నీ ఆర్పాలని. ఆర్పాను. చీకట్లో మొక్కలు గ్యాసు తీసుకోవు, సీసా మాత్రం వదులుతూనే ఉంటుంది. రెండు రోజుల సెలవు తర్వాత తలుపు తీస్తే, చేపలు నీటి పైకొచ్చి నోళ్లు తెరుచుకుని ఉన్నాయి. పదకొండు అప్పటికే పోయాయి. "టెక్నీషియన్ నిర్లక్ష్యం" అని పుస్తకంలో రాశారు, నేను సంతకం పెట్టాను. ఆ మాటలో సగమే నిజం. దీపం ఆర్పమన్నది మీరు. దీపం ఆరగానే గాలి పంపు తనంతట తాను తిరిగేలా పెట్టాలని తెలిసీ, రేపు చూద్దాంలే అనుకున్నది నేను. ఆ పదకొండింటి విషయంలో నాకిప్పటికీ సిగ్గుగానే ఉంది. ఆ వారమే బ్యాటరీతో నడిచే పంపు పెట్టాను. నాలుగేళ్లయింది, మళ్లీ ఒక్కటి కూడా అలా పోలేదు.

సార్, మీ గది పై అంతస్తులో. రిపోర్టు కోసం కూర్చునే మనిషి ముఖం మీకు కనబడదు. నేను కిటికీలోంచి రోజూ చూస్తాను. ఒకావిడ కూతురి రిపోర్టు కోసం రెండున్నర గంటలు కూర్చుంది. నాలుగు వేల బుడగల దాకా లెక్కపెట్టి, లెక్క తప్పి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టిందట. నేను చేతికిచ్చిన కాగితంలో ఉన్నది మంచి కబురు కాదు.

ఆవిడ కాగితం చదివి మడిచింది. "ఆ ఆకుల మీద తెల్లగా ఏమిటమ్మా అవి?" అనడిగింది. ఆకులు వదులుతున్న గాలండీ అన్నాను. "అయితే బాగానే బతుకుతున్నాయన్నమాట" అంది. ప్లాస్టిక్ మొక్కల ముందు కూర్చోబెట్టి ఆ కాగితం ఆవిడకు ఇవ్వడం నావల్ల అయ్యేది కాదు.

ముప్ఫై ఒక్క ఏళ్లలో నేను చేసిన పరీక్షలకు లెక్కలేదు. సంతకాలన్నీ డాక్టర్లవి. రూలు అదే, నాకు బాధ లేదని చెబుదామనుకున్నాను గానీ, ఉంది. నాదని చెప్పుకోడానికి ఈ ఆస్పత్రిలో మిగిలింది ఆ తొట్టి ఒక్కటే. దాన్ని చంపి, ఆ చోట బొమ్మ పెట్టి, దానికి నా పేరు తగిలిస్తామంటే మర్యాద అనుకోమంటారా? ఆ పలక నాకొద్దు.

"మీరు వెళ్లాక తొట్టిని ఎవరు చూస్తారు?" అని అడిగారు సార్. న్యాయమైన ప్రశ్న. రెండు నెలల నుంచి సీసాలు మారుస్తున్నది మన పెద్ద నర్సమ్మగారే. ఇప్పుడు పాకం సీసాలు రెండు పెట్టాం, రెండూ ఒకే రోజు మారిస్తే గ్యాసు తెగిపోతుందని ఆవిడ నాకే చెబుతున్నారు. పేలుతుందని భయమంటారా? సీసాలు మూతపెట్టిన బకెట్లో ఉన్నాయి, నీళ్లు వెనక్కి రాకుండా మధ్యలో అడ్డు బిళ్ల ఉంది. రండి, వంగి చూడండి. ఈసారి చొక్కాకు నాదీ పూచీ. (నవ్వులు)

ఉద్యోగిని కాబట్టి ఇన్నాళ్లూ సర్క్యులరు వస్తే సంతకం పెట్టాను. సోమవారం నుంచి నేను ఉద్యోగిని కాను. నాకు షుగరుంది, మూడు నెలలకోసారి రక్తం ఇవ్వాలి. ఇవాళ పొద్దున అందరితోపాటు వరుసలో నిలబడి సోమవారానికి టోకెన్ తీసుకున్నాను. ఇదిగో, ఒకటో నంబరు. ఖాళీ కడుపుతో వచ్చి, తొట్టికి ఆనుకుని ఉన్న కుర్చీలో కూర్చుంటాను. కుర్చీ జరపందే ఆ తొట్టి కదలదు. రిపోర్టు చేతికొచ్చేదాకా పేషెంటును హాల్లోంచి పంపకూడదని గోడమీద రాయించింది మీరే సార్. రిపోర్టు సాయంత్రానికి గానీ రాదు. మంగళవారానికి మా ఆయన పేరుమీద తీసుకున్నాను. ఏవండీ, మీకు చెప్పలేదు కదూ, పొద్దున కాఫీ తాగకండి. (నవ్వులు, చప్పట్లు)

బుధవారానికి ఎవరొస్తారో నాకు తెలీదు. కౌంటరు ఏడింటికి తెరుస్తారు.

నన్ను భరించినందుకు, ఓపిగ్గా విన్నందుకు, పూలకు, మంచి మాటలకు అందరికీ కృతజ్ఞతలు. ఉద్యోగానికి మాత్రమే, సెలవు.