తొమ్మిదీ నలభై బండి

ఏమిటే, ఆ రేకుపెట్టె ఎవరిదనా? మీ తాతయ్యది. మెల్లగా దించు తల్లీ, మూత వదులు. నువ్వు పుట్టకముందే పోయారు కదా, నీకు ఆయన ఫొటోలో మనిషే. టైలరని తెలుసుగా, స్టేషను వెనక వీధిలో కొట్టు. గార్డులూ, టికెట్ కలెక్టర్లూ, రైలు డైనింగ్ కారులో వడ్డించేవాళ్ళూ, అందరి కోట్లూ ఆయన దగ్గరికే వచ్చేవి. సరే, కోటు బాగుచేసే ముందు టైలరు ఏం చేస్తాడో చెప్పు? ఆఁ, జేబులు తడుముతాడు. ఆ జేబుల్లోంచి వచ్చినవే ఇవన్నీ. తిరిగి ఇవ్వబోతే "ఉంచుకోండి, మాకెందుకూ" అనేవాళ్ళు. కొండల బొమ్మలూ సముద్రం బొమ్మలూ వేసి రండి రండి అని పిలిచే ఈ కాగితాలు, పాత టైంటేబుళ్ళు, ఇదిగో ఈ మెనూ కార్డు. టమాటా సూపు, రొట్టె, గుడ్డు, కాఫీ. మూలన మరక చూశావా, అది సూపే. "టీచరమ్మా, కదిలే బండిలో కూర్చుని సూపు తాగుతుంటే ఎలా ఉంటుందంటావ్?" అనేవారు మీ తాతయ్య నాతో. "మూతి కాలుతుంది" అనేదాన్ని. పోనీ ఒకసారి ఎక్కి చూడండి అంటే, "ఆదివారానికి గార్డుగారి ప్యాంటు ఇవ్వాలి" అనేవారు. ఆ ఆదివారం ఎప్పటికీ రాలేదులే. కానీ ఏ బండి ఎన్నింటికో అన్నీ నోటికే. వీధిలో వాళ్ళు స్టేషనుకి వెళ్ళి అడగడం మానేసి, కొట్టు గుమ్మంలో నిలబడి ఆయన్నే అడిగేవాళ్ళు.

ఏం చెబుతున్నానూ? ఆఁ, మా అమ్మ సంగతి. అమ్మ అప్పుడు తమ్ముడి దగ్గర ఉండేది, రైల్లో మూడు గంటల దూరం. ఓ పొద్దున కబురొచ్చింది, అక్కా, అమ్మ నిన్నే అడుగుతోంది, వెంటనే రా అని. బడికి సెలవు చీటీ రాసి పంపి, బండి ఎన్నింటికండీ అన్నాను. ఆయన గుండీలు కుడుతున్నారు, పెదాల మధ్య దారం. తలెత్తకుండానే, "తొమ్మిదీ నలభై. కంగారు పడకు, ఏదైనా తిని వెళ్ళు" అన్నారు. తిన్నాను. స్టేషనుకి వెళ్తే ప్లాట్‌ఫాం ఖాళీ. ఊడ్చే మనిషి చీపురు ఆపి, "తొమ్మిదీ పదికే పోయిందమ్మా, ఒకటో తారీఖు నుంచి మారింది" అన్నాడు. అసలేం జరిగిందంటే, రిటైరైన గార్డొకాయన ఎప్పటిదో ముప్పై ఏళ్ళ నాటి టైంటేబులు తెచ్చి ఇచ్చాడు. పది రోజులుగా ఈయన అదే చదువుతున్నారు, నోటికి అదే వచ్చింది. కొత్త టైంటేబులు పుస్తకం విప్పకుండా బీరువా మీదే ఉంది. మళ్ళీ బండి మూడింటికి. నేను వెళ్ళేసరికి అమ్మ లేదు. "మధ్యాహ్నం దాకా తలుపు వైపే చూసిందక్కా" అన్నాడు తమ్ముడు.

ఇంటికొచ్చి నేనేమీ అరవలేదు. అరిచినా బాగుండేది. "పోయిన బళ్ళ టైములు చదివే మనిషిని అడగడం నాదే తప్పు" అన్నాను, పాఠం చెప్పినంత నెమ్మదిగా. ఆయన లేచి కాగితాలన్నీ సర్దేశారు. పెట్టె అటకెక్కింది. ఆ తర్వాత ఎవరొచ్చి బండి సంగతి అడిగినా "స్టేషన్లో కనుక్కోండి బాబూ" అనేవారు. బళ్ళో పిల్లలు లెక్క తప్పితే, ఫర్వాలేదు నాన్నా, మళ్ళీ చెయ్యి అని రోజుకి ఇరవైసార్లు అనేదాన్ని. ఇంట్లో ఆ మాట ఒక్కసారి అనలేదు. రేపు అందాం, రేపు అందాం అనుకుంటూనే పదకొండేళ్ళు గడిచాయి.

ఆయన పోయాక ఈ పెట్టె దించాను. అడుగున కొత్త పుస్తకాలు, చూడు, లెక్కపెట్టు. పదకొండు, ఏడాదికొకటి. అన్నిట్లోనూ ఒకే పేజీ మడత, మా అమ్మ దగ్గరికి వెళ్ళే బండి కింద నీలం గీత. బట్ట మీద కొలతలకి గీసే సుద్దతో. అమ్మే లేదు, ఇంకెవరి దగ్గరికి వెళ్తానని? ఆఖరి పుస్తకంలో అసలు ఆ బండే లేదు, తీసేశారు. అయినా ఆ పేజీ మడిచే ఉంది.

ఇలాంటివి దాచుకునే స్నేహితురాలు ఉందన్నావుగా, మెనూ కార్డులు ఇచ్చెయ్యి, బొమ్మలున్నవీ ఇచ్చెయ్యి. ఆ పదకొండూ మాత్రం... వద్దు, వేలు పెట్టకు తల్లీ, సుద్ద చెరిగిపోతుంది.

ఆ కిటికీ వెయ్యి. గాలొస్తోంది.