మిగిలిన రెండు

1994. జూబ్లీహిల్స్‌లో ఒక ఆసుపత్రి గది. సినిమాల్లో కథానాయికలకు గొంతు ఇచ్చే పుష్పవల్లి తలకు కట్టుతో మంచం మీద ఉంది. పక్కన భర్త త్రినాథరావు. ఎదురుగా, ఆమెకు ఆపరేషన్ చేసిన డాక్టర్ వేంకటరమణ.

“ఇదేంటమ్మా?”

“పె... పె... రాసేది.”

“పెన్ను! పెన్ను అను, పుష్పా.”

“మీరు అందించకండి త్రినాథరావు గారూ. ఆవిణ్ణే చెప్పనివ్వండి.”

“పెన్ను. తెలుసు డాక్టర్ గారూ. నోటిదాకా వస్తోంది... ఆగిపోతోంది.”

“వాపు ఇంకా ఉంది. తగ్గేకొద్దీ మాట తేలికవుతుంది. సరిగ్గా మాటలొచ్చే చోటే నొక్కుతూ కూర్చుంది ఆ గడ్డ.”

“అందుకేనా... డైలాగు మధ్యలో ఆగిపోయేదాన్ని? ఫిల్మ్‌నగర్ డబ్బింగ్ థియేటర్లో అందరి ముందూ... పొగరన్నారు.”

“అవన్నీ ఇప్పుడెందుకు? గడ్డ పోయింది. క్యాన్సర్ కాదు. అంతేగా డాక్టర్ గారూ?”

“అవును, క్యాన్సర్ కాదు. మెదడు పైపొరలో పుట్టే గడ్డ, మెనింజియోమా అంటాం. పెద్దదాన్ని పూర్తిగా తీసేశాను.”

“పెద్దదాన్నా?”

“నువ్వు పడుకో పుష్పా. తర్వాత...”

“పెద్దదంటే? ఇంకా ఉన్నాయా? ఏమండీ, మిమ్మల్నే.”

“ఆవిడకి చెప్పలేదా మీరు?”

“భయపడుతుందని...”

“ఎన్ని?”

“ఇంకో రెండమ్మా. బఠాణీ గింజంతవి. ఒకటి వెనక, ఒకటి కుడివైపు.”

“నా తల తెరిచారుగా! అప్పుడే తీసెయ్యాల్సింది.”

“అవి వేరే చోట్ల ఉన్నాయి. వాటికోసం మళ్ళీ ఎముక కొయ్యాలి. ఇప్పుడవి మిమ్మల్నేమీ చెయ్యట్లేదు. ఏటా స్కాన్ తీసి చూద్దాం. పెరిగితే తీస్తాను.”

“పెరిగేదాకానా? మైకు ముందు మాట తడబడ్డప్పుడల్లా... చావాలా నేను? కొయ్యండి. మళ్ళీ కొయ్యండి. భరిస్తాను.”

“పుష్పా, అరవకు.”

“ఒక్క సంగతి అడగాలమ్మా. ఒకటి కాదు, మూడొచ్చాయంటే వంశంలో ఉందేమో చూడాలి. మీవాళ్ళలో ఎవరికైనా తలలో గడ్డలు? చిన్న వయసులోనే చెవుడు?”

“అబ్బే, ఎవరికీ లేదండీ.”

“మా నాన్నకి ముప్ఫై దాటగానే... రెండు చెవులూ పోయాయి.”

“అది జ్వరం వల్లన్నారుగా!”

“అన్నారు. లోపల ఏముందో... ఎవరు చూశారు?”

“చెవికీ దీనికీ ఏంటండీ సంబంధం?”

“కొన్ని కుటుంబాల్లో చెవి నరం మీద కూడా గడ్డలొస్తాయి. ముందు వినికిడి తగ్గుతుంది. తల్లిదండ్రుల నుంచి పిల్లలకి రావచ్చు. మీకు పిల్లలెందరు?”

“ఒక్కతే. సుందరి. ఇంటర్ చదువుతోంది. తలనొప్పి అంటే ఎరగదండీ.”

“వినికిడి?”

“బ్రహ్మాండం. కాస్త... పరధ్యానం, అంతే. ఆ వయసు పిల్లలు పిలిస్తే పలుకుతారా?”

“ఏమండీ.”

“ఏంటి పుష్పా? ఎందుకేడుస్తున్నావ్?”

“డాక్టర్ గారూ, నావి... ఉండనివ్వండి. ముందు దాన్ని చూడండి. ఎడమపక్క నుంచి పిలిస్తే నా కూతురు తిరిగి చూడటం మానేసింది.”