పోగులు తెగిన మధ్యాహ్నాలు

గోడ నిండా రంగు కాగితాలు అంటించి ఆలోచిస్తారా మీ ఆఫీసులో? అంటించండి, తప్పేముంది. ఇలా వచ్చి కూర్చో తల్లీ, ఆ దిండు ఇటివ్వు. మా నిదానమక్క ఉండేది, నూలు మిల్లులో నా పక్క మిషనే ఆవిడది. కాగితం, కలం లేకుండానే ఆలోచించేది. పేరా? ఏదో ఉండేదిలే, ఎవరం పిలిచిన పాపాన పోలేదు. భోజనం దగ్గర కూడా తింటూ తింటూ ఎటో చూస్తూ ఉండిపోయేది. మీ తాతయ్య అప్పుడు అక్కడే ఫిట్టరు. "మీ అక్క కళ్ళు తెరుచుకునే నిద్రపోతుందే" అనేవారు. సరే, ఏం చెబుతున్నాను... ఆ, పోగులు. ఆ ఏడు ఎండాకాలం మధ్యాహ్నం షిఫ్టులో పోగులు తెగడం మొదలైంది. మూడయ్యేసరికి ఇటు అతికితే అటు తెగేది. మీ తాతయ్య మిషన్లన్నీ విప్పి బిగించారు. పైవాళ్ళు పత్తి మార్చారు. మమ్మల్ని తిట్టారు కూడా. పది రోజులు చూసి, మేనేజరు అందరినీ నిలబెట్టి చెప్పాడు, సోమవారం నుంచి మధ్యాహ్నం షిఫ్టు ఎత్తేస్తున్నామని. నలభై మంది ఆడవాళ్ళం. అప్పుడు మీ అమ్మ నా కడుపులో, ఆరో నెల.

అప్పుడు అక్క తాపీగా, "అయ్యా, పోగు తెగకుండా ఏం చేయాలని ఇన్నాళ్ళూ బుర్రలు బద్దలు కొట్టుకున్నాం. ఇంకా ఎక్కువ తెగాలంటే ఏం చేయాలో అదొకసారి ఆలోచిద్దామా" అంది. మేనేజరు ఆవిడ మొహంలోకి చూశాడు, వేళాకోళమేమోనని. కాదు, నిజంగానే అడుగుతోంది. ఎవరో కిసుక్కున నవ్వారు. ఎలాగూ పోయే షిఫ్టే కదా అని తలా ఒకటీ అందుకున్నారు. మిషను జోరుగా తిప్పాలని ఒకరు, నూలు చుట్టుకునే కదుళ్ళు వంచాలని ఒకరు. "నన్ను మళ్ళీ బిగించమంటే చాలు" అన్నారు మీ తాతయ్య. నేనూ నోటికొచ్చింది అనేశాను, "నూలుని గలగలలాడేలా ఎండబెట్టాలక్కా" అని. ఆవిడ నా వైపు తిరిగింది, తర్వాత పడమటి గోడ వైపు. అక్కడ ఆరు కిటికీలు బార్లా తెరిచి ఉన్నాయి, వేడిగాలి నేరుగా మిషన్ల మీదికి. "ఎండబెడుతూనే ఉన్నాం కదే" అంది. మళ్ళీ తనే, "వాటిని తెరిపించింది నేనే" అంది. నిజమే. ఉక్కకి ఇద్దరు పడిపోతే ఆవిడే పోట్లాడి తెరిపించింది. వడగాలి మొదలైంది ఆ తర్వాత కొన్నాళ్ళకి, అందుకే కిటికీలకీ పోగులు తెగడానికీ ఎవరం ముడి వేయలేదు. చెప్పకపోయినా అడిగేవాళ్ళు లేరు. చెప్పింది. "అయితే మూసేయండి" అన్నాడు మేనేజరు. "మూస్తే మనుషులు పడిపోతారు" అంది. మళ్ళీ ఎటో చూస్తూ నిలబడిపోయింది. ఈసారి ఎవరం నవ్వలేదు. "శనివారం దాకా ఆగండయ్యా. అమ్మాయిలూ, రేపు ఇంట్లోంచి తలా ఒక దుప్పటి తెండి" అంది.

మర్నాడు చూడాలి తల్లీ. దుప్పట్లు తడిపి తెరిచిన కిటికీలకు కట్టాం. నీలంవి, గళ్ళవి, పువ్వులవి, ఎవరి పిల్లదో బాతుబొమ్మలది. మూడైంది. ఎండ వాటిలోంచి వడకట్టినట్టు దిగింది. నేల మీద నీలం, మా చేతుల మీద పసుపు. గాలి వచ్చినప్పుడల్లా దుప్పట్లు మెల్లగా ఉబ్బేవి, నిద్రలో ఊపిరి తీస్తున్నట్టు. చల్లదనం, తడి వాసన, అందరం నీటి అడుగున ఉన్నట్టు. నా కడుపులో పిల్ల కదిలింది. కదుళ్ళు తిరుగుతూనే ఉన్నాయి, పోగులు సాగుతూనే ఉన్నాయి. అతకడానికి చేతులు చాచి నిలబడ్డాం నలభై మందిమీ, అతకడానికేమో ఏమీ లేదు. మేనేజరు వచ్చి గుమ్మంలో ఆగి, తిరుగుతున్న కదుళ్ళని చూసి వెళ్ళిపోయాడు. సోమవారం షిఫ్టు మామూలుగానే నడిచింది.

చాలా ఏళ్ళకి అక్క మంచాన పడిందని తెలిసి చూడ్డానికి వెళ్ళాను. అప్పటికి మిల్లు మూతపడి ఏడాది. వాళ్ళ కోడలు గుమ్మంలోనే నా చెయ్యి పట్టుకుని, "మిల్లు సంగతి ఆవిడకి చెప్పలేదు పిన్నీ" అంది. లోపలికెళ్ళి పక్కన కూర్చున్నాను. కళ్ళు మూసుకునే, "పోగులేమైనా తెగుతున్నాయటే" అని అడిగింది. "ఒక్కటీ తెగట్లేదక్కా" అన్నాను. మొహం తేటపడింది. అలాగే నిద్రలోకి జారుకుంది. అబద్ధమేం కాదు కదా తల్లీ అది. మిల్లే తిరగనప్పుడు...