అట్టలేని పుస్తకంలో ఏడో పాఠం

వాద్యబృందంలో ఖాళీ అయినది ఒకే ఒక్క కుర్చీ, ట్యూబా అనే పెద్ద ఇత్తడి బూర ఊదేవాళ్ళది. దానికి ఇంకాసేపట్లో పోటీ. సాధన గదిలో ఆమె వాయిస్తూ ఆగిందో లేదో, తలుపు తోసుకుని అక్క మొగుడు రానే వచ్చాడు, అదే బృందంలో ట్రాంబోన్ బూర వాయించే పెద్దమనిషి.

“మళ్ళీ అక్కడే తీశావు.”

“ఏం తీశాను?”

“ఊపిరి. అయిదో వరసలో, స్వరం సాగుతుండగా మధ్యలో. నడవలోకి వినిపిస్తోంది.”

“వినిపించనీ. తలుపేసి వెళ్ళు బావా, నా పెదాలు ఆరిపోతున్నాయి.”

“ఈ పాఠం వద్దు బుజ్జీ. ఇంకోటి వాయించు.”

“ఇప్పుడా? పిలిచే వేళకా? పెళ్ళికి వెళ్తూ పిల్లిని చంకన పెట్టుకున్నట్టు, నిన్ను తోడు రమ్మన్నాను చూడు!”

“తిట్టు, పడతాను. కానీ మార్చు. అందరి దగ్గరా ఉండే పుస్తకాలు రెండున్నాయి కదా, వాటిలోంచి—”

“వాటిలోంచి పోటీకొచ్చి బయట కూర్చున్న వాళ్ళందరూ వాయిస్తారు. ఇది నాన్న పుస్తకం. అట్ట లేదు, రాసినవాడి పేరున్న పేజీ లేదు, ఏ కొట్లో అడిగినా తెల్లమొహం వేస్తారు. అందుకే పట్టుకొచ్చాను.”

“అందుకే వద్దంటున్నాను. ఆ మహానుభావుడెవరో గానీ, ట్యూబా ఊదేది మనిషని మర్చిపోయి రాశాడు. ఎక్కడ ఊపిరి తీసుకోవాలో ఒక్క గుర్తూ అచ్చు వెయ్యలేదు.”

“అయితే ఏం? వాయించేవాళ్ళ ఇష్టం.”

“నీ ఇష్టం కాదది. మావయ్యది. ఏళ్ళ తరబడి ఆయన పక్క కుర్చీలో కూర్చున్నవాణ్ణి. ఆయన ఎక్కడ తీస్తాడో నిద్రలో లేపి అడిగినా చెప్తాను.”

“సరే, అలాగే అనుకో.”

“అలాగే అనుకోవడమేంటి?”

“ఎవరు వాయిస్తున్నారో కనబడకుండా తెర కట్టినా, బృందం నడిపే పెద్దాయన నాన్న ఊపిరి గుర్తుపడతాడనేగా నీ భయం? కూతురు కాబట్టి కుర్చీ ఇచ్చారంటారని?”

“పెద్దాయనవి పాము చెవులే. కానీ అది కాదు.”

“మరేంటి? అక్క పంపిందా?”

“అక్కకి తెలీదు.”

“ఏం తెలీదు?”

“ఏం లేదులే. ఆ వరస ఒక్క ఊపిరిలో లాగెయ్, చాలు.”

“నీళ్ళు నమలకు బావా. ఈ కుర్చీ మళ్ళీ ఖాళీ అయ్యేసరికి నేను ముసలిదాన్నైపోతాను. ఇవాళ తప్పితే ఇక ట్యూబా అటకెక్కించడమే. గుండె దడదడలాడుతుంటే నువ్వొచ్చి పొడుపుకథలు వేస్తావా?”

“ఒట్టేయించుకున్నాడే ఆయన! మీ ఇద్దరికీ చెప్పొద్దని.”

“పోయినవాళ్ళకి ఒట్టేంటి? చెప్పు.”

“మొదట్లో మావయ్య ఆ పాఠంలో వరసకొక్కసారే ఊపిరి తీసేవాడు. తర్వాత మధ్యలో ఒక పెన్సిలు గుర్తు పడింది. కొన్నాళ్ళకి ఇంకోటి. నేను ఎగతాళి కూడా చేశాను, ‘ఏంటి మావయ్యా, మెట్లెక్కుతూ వాయిస్తున్నావా?’ అని.”

“అది ఆయన పద్ధతి. అందరూ మెచ్చుకునేవాళ్ళు.”

“పద్ధతి కాదే పిచ్చిదానా, జబ్బు! ఊపిరితిత్తులు గట్టిపడిపోతూ వచ్చాయి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళింది నేనే.”

“అబద్ధం. నాన్న గుండె ఆగి పోయాడు.”

“అలా చెప్పమన్నాడు. వాళ్ళ నాన్నకీ ఇదేనట. ముందే వచ్చుంటే మందులతో నిలబెట్టేవాళ్ళం అన్నారు. కుర్చీ ఎక్కడ లాక్కుంటారోనని దాచుకుని దాచుకుని, ఆఖర్న చెప్పాడు.”

“నాన్న... నాకు కూడా చెప్పకుండా...”

“ఏడవకమ్మా. ఏడిస్తే పెదాలు పట్టు తప్పుతాయి. అందుకే నోరు విప్పాను. ఆ మనిషి ఆయాసాన్ని నువ్వు పాఠమనుకుని నేర్చేసుకున్నావు. నీకేం, గుండ్రాయిలా ఉన్నావు. ఆ గుర్తుల వంక చూడకు. ఏదీ, పుస్తకం ఇటివ్వు, రబ్బరుతో చెరిపేస్తాను.”

“వద్దు.”

“మొండికెయ్యకు. పిలిచేస్తారు.”

“వద్దన్నానా! వదులు, పేజీ చిరిగిపోతుంది.”

“ఇవ్వు మరి... అదేంటి? ఇందులో ఒక్క గుర్తూ లేదే!”

“నాన్న పోగానే నేనే చెరిపేశాను. ఆయనలా కాదు, నాలా వాయించాలని.”

“మరి... మరి అయిదో వరస మధ్యలో ఎందుకు ఆగుతున్నావే?”

“పోయినేడాది ఆగేదాన్ని కాదు బావా.”