రెండు సీట్ల కారు, వంకాయ రంగు

సభకు అధ్యక్షత వహిస్తున్న షోరూము యజమానిగారికీ, వేదిక మీద పూలగుత్తి ఒళ్ళో పెట్టుకుని, దాన్ని ఎక్కడ దించాలో తెలియక అవస్థ పడుతున్న మన పెయింటు మాస్టారుగారికీ, ఆయన దగ్గర పని నేర్చుకున్న మిత్రులకీ, నాలాగే ముందూ వెనకా చూడకుండా ఖరీదైన కార్లు కొన్న పెద్దలకీ, ముందు వరసలో గడియారం చూసుకుంటున్న మా అన్నయ్యకీ, ఆ గడియారం మీద చెయ్యి అడ్డం పెట్టిన మా వదినకీ నా నమస్కారాలు.

నేను పళ్ళ డాక్టర్ని. ఎదుటి మనిషి నోరు తెరిపించి, అతను జవాబు చెప్పలేని సమయం చూసి కబుర్లు చెప్పడం ఇన్నేళ్ళుగా నాకు అలవాటు. ఇవాళ మీ అందరి నోళ్ళూ ఖాళీగా ఉన్నాయి, అందుకని కాస్త బెదురుగా ఉంది. (నవ్వులు) అధ్యక్షులవారు నన్ను కొనుగోలుదారుల తరఫున మాట్లాడమన్నారు. "డాక్టరుగారూ, ఖరీదైన కారుకి మళ్ళీ అంత ఖరీదైన రంగు అవసరమా అని జనం అడుగుతుంటారు, మీరు అనుభవం మీద నాలుగు మంచి మాటలు చెప్పండి" అన్నారు. మాస్టారుగారి వీడ్కోలు సభలో కూడా వ్యాపారం మర్చిపోలేదు చూశారా!

అయ్యా, అనుభవం మీదే చెబుతున్నాను. ఆ రంగు వేస్తే కారు ఒక్క అడుగు ముందుకి ఎక్కువ పోదు. చిన్న గులకరాయి ఎగిరి తగిలితే చాలు, ఆ మచ్చ మాపడానికి మళ్ళీ ఇక్కడికే రావాలి. పిట్టలకి మామూలు రంగు కారు, ఖరీదైన రంగు కారు అనే తేడా బొత్తిగా లేదు. అమ్ముకునేటప్పుడు కొనేవాడు ఆ రంగుకి పైసా ఎక్కువ ఇవ్వడు. ఈ మాటలు నావి కావు, సాక్షాత్తూ ఆ రంగు వేసే మాస్టారుగారివి! నేను మొదటిసారి వచ్చిన రోజు, సేల్సు అమ్మాయి పక్కనే ఉండగా, నా మొహం మీదే "దండగండీ, మామూలు తెలుపు తీసుకోండి" అన్నారు. ఇలా ఎందరికి చెప్పారో! అధ్యక్షులవారు ఇప్పుడు నవ్వుతున్నారు గానీ అప్పట్లో ఆయన మీద పళ్ళు నూరేవారు. నూరి నూరి అరిగిన ఆ పళ్ళు బాగుచేసింది నేనే, నాకు తెలియదా? (పెద్దగా నవ్వులు)

అసలు నాకీ కారు పిచ్చి ఎందుకు పట్టిందో చెప్పాలి. పెళ్ళి చేసుకోవడానికి నాకు తీరిక దొరకలేదు, తీరిక దొరికేసరికి అడిగేవాళ్ళు లేరు. క్లినిక్కు మరో డాక్టరుకి ఇచ్చేసిన రోజు, ఇంటికి వెళ్ళి ఏం చెయ్యాలో తోచక, తిన్నగా ఈ షోరూముకి వచ్చి ఇది కొనేశాను. మా అన్నయ్య జీవితమంతా ఊరివాళ్ళ లెక్కలు సరిచూసిన మనిషి. షోరూములో కారు చూసి, "రెండే సీట్లా? పోనీలే, నువ్వొక్కదానివేగా, నీకు రెండోది కూడా ఎక్కువే" అన్నాడు. రంగు సంగతి విన్నాక, "వంకాయ రంగుకి అంత డబ్బా! ఆ డబ్బుతో ఇంకో కారొస్తుందే" అని నెత్తి బాదుకున్నాడు. అది ఉత్త వంకాయ రంగు కాదు అన్నయ్యా, నీడలో నీలం, ఎండ తగిలితే వంకాయ! అయినా రంగు సంగతి నువ్వన్నది న్యాయమే. రెండో సీటు మాట మాత్రం నాకు గుచ్చుకుంది.

ఇక్కడొక పద్ధతుంది. ప్రత్యేకమైన రంగు కావాలంటే మాస్టారు ముందుగా అరచేతంత రేకు మీద ఆ రంగు వేసి ఇస్తారు. మనం ఇంటికి తీసుకెళ్ళి, పొద్దుటి ఎండలో, మబ్బులో, దీపం కింద చూసుకుని, నచ్చిందో లేదో వచ్చి చెప్పాలి. నచ్చకపోతే కలిపి ఇంకొకటి ఇస్తారు. నేను రేకు తీసుకెళ్ళడం, వారం పోయాక వచ్చి "ఇంకొంచెం నీలం ఉంటే బాగుండేదేమో" అనడం, ఆయన తల ఊపి ఇంకోటి కలపడం. ఆరేదాకా ఇద్దరం బల్ల మీద కూర్చుని టీ తాగడం. మళ్ళీ వారం "ఇది మరీ నీలమైపోయిందండీ". పంటికి తొడుగు వేసేటప్పుడు పక్క పంటి రంగుతో వెంట్రుకవాసి తేడా లేకుండా కలిపేదాన్ని నేను, ఒక్క రేకు చూసి తేల్చుకోలేనా? మొదటి రేకే బ్రహ్మాండంగా నచ్చింది! (నవ్వులు, చప్పట్లు) సేల్సు అమ్మాయీ, నువ్వు నవ్వకు, ఆ టీలన్నీ పంపింది నువ్వే.

ఆ బల్ల మీదే ఆయన గురించి తెలిసింది. భార్య పోయి చాలాకాలమైందనీ, వంట బాగా చేస్తారనీ, పాటలు మాత్రం ఘోరంగా పాడతారనీ. వాకిట్లో ఆయన స్కూటరు ఉండేది, సొట్టలు పడి, నలుపో మట్టిరంగో చెప్పలేని స్కూటరు. "ఇన్ని రంగులు మీ చేతిలో ఉన్నాయి, డబ్బా అడుగున మిగిలింది దానికి కాస్త పులమకూడదా మాస్టారూ?" అంటే, "నడుస్తోందిగా, దానికి రంగెందుకు, దండగ" అనేవారు. ఎప్పుడడిగినా అదే మాట!

చివరికి పోయిన వారం కారు తెచ్చి మా గుమ్మం ముందు పెట్టారు. చూస్తే అది మొదటి రేకు రంగు. నేను చెప్పలేదు, ఆయన అడగలేదు. నా కాళ్ళు నేల మీద నిలవలేదనుకోండి! ఆయన్ని పక్క సీట్లో కూర్చోబెట్టుకుని వీధి చివరిదాకా వెళ్ళి వచ్చాను. వచ్చి గేటు ముందు ఆపి...

(ఆగి, మంచినీళ్ళు తాగి)

వదినా, చెప్పేస్తున్నాను. గేటు ముందు ఆపి, "మాస్టారూ, ఈ సీట్లో ఇక ఎప్పుడూ మీరే కూర్చుంటారా?" అని అడిగాను. అన్నయ్యా, దగ్గకు, నీళ్ళు తాగు. అవును, పెళ్ళి మాటే!

ఆయన కారు దిగారు. జేబురుమాలు తీసి బానెట్ మీద లేని దుమ్ము తుడిచారు. "పై పూత ఇంకా పూర్తిగా ఆరలేదండీ, వారం దాకా ముట్టుకోకండి. నాక్కూడా ఆ వారం టైమివ్వండి" అని వెళ్ళిపోయారు. వారం ఇవాళ్టితో అయిపోయింది. పొద్దుటినుంచి ఆయన నాకేసి చూడటం లేదు. ఇంతమందిలో చెప్పి ఇరుకున పెట్టాలని కాదు మాస్టారూ, నాకు లోపల ఏదీ దాగదు, అంతే. మీరు కాదన్నా ఆ బల్ల మీద గడిచిన రోజులు నాకు చాలా మంచి రోజులు. మీరంటే నాకు చాలా ఇష్టం. ఇక ఖరీదు సంగతి, అధ్యక్షా, తేల్చి చెప్పేస్తాను, ఆ రంగు...

(తలుపు దగ్గర నుంచి వాచ్‌మన్: "డాక్టరమ్మా, అడ్డం వస్తున్నానేమో. మీ కారు ముందు ఎవరో స్కూటరు పెట్టి తాళం వేసేశారు. అది తీస్తేగానీ మీ కారు బయటికి రాదు.")

ఎవరిదయ్యా స్కూటరు? ఎలా ఉంది?

("సొట్టల బండేనమ్మా. కానీ రంగు మాత్రం... మీ కారు రంగే!")

మళ్ళీ చెప్పు?

("మీ కారు రంగేనమ్మా. వంకాయ రంగు. మెరిసిపోతోంది.")

(మాస్టారు లేచి పూలగుత్తి కుర్చీలో పెట్టారు: "నాదేనండీ. పక్కన పెడదామనే వచ్చాను, చోటు లేక ముందు పెట్టాను.")

(ముందు వరస నుంచి అన్నయ్య: "ఏమండీ, ఆ డొక్కు స్కూటరుకి ఆ రంగా? ఎంతయింది?")

("ఈ నెల జీతమండీ.")

("దండగ కాదూ?")

("దండగేనండీ." చాలాసేపు నవ్వులు, ఈలలు, చప్పట్లు.)

ఉండండి, ఉండండి, నన్నొక్క మాట అడగనివ్వండి. నవ్వొస్తోంది, ఏడుపొస్తోంది, ఏదీ ఆగడం లేదు. మాస్టారూ, పూత ఆరిందా?

("ఆరిందండీ.")

విన్నావా అన్నయ్యా? అధ్యక్షా, మీరడిగిన ప్రశ్నకి జవాబు ఇద్దరు నిపుణులు చెప్పేశారు, నేనిక చెప్పడానికేమీ మిగల్లేదు. వాచ్‌మన్ బాబూ, ఆ స్కూటరు ఎవరూ కదపకండి, అక్కడే ఉండనివ్వండి. దాన్ని చూడటానికి నేనే వస్తున్నాను. ఇంత ఓపిగ్గా విన్న మీకందరికీ, టీలు పంపిన అమ్మాయికీ, నాకు దండగని చెప్పి మరీ రంగు వేసిన మాస్టారుగారికీ వెయ్యి దణ్ణాలు. సెలవు!